మీటరులో పన్నెండు, బల్బులో చీకటి

గురువారం పొద్దున్నే రైతుబజారుకు వెళదామని తాళం తిప్పితే మా మారుతి 800 ఒకసారి మూలిగి ఊరుకుంది. రెండోసారి ఆ మూలుగు కూడా లేదు. వాచ్‌మన్, పాలబ్బాయి, పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు కలిసి వీధి చివరిదాకా తోశారు. సెకండ్ గేరులో ఉంచి క్లచ్ వదిలితే దగ్గి, తుమ్మి, చివరికి లేచింది. ముగ్గురికీ చేతులు జోడిస్తుంటే పాలబ్బాయి, "టీచరు గారూ, వచ్చే గురువారం కూడా రమ్మంటారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది.

ఎందుకంటే నేను ముప్పై ఒక్క ఏళ్ళు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. ఓమ్ నియమం, కిర్చాఫ్ నియమాలు, పొటెన్షియోమీటరు, పూర్ణతరంగ ఏకధిక్కరణి, అన్నీ బోర్డు మీద కళ్ళు మూసుకుని గీయగలను. బానెట్ ఎత్తితే మాత్రం ఏ తీగ ఎటు పోతుందో తెలియదు. బ్యాటరీని గుర్తు పట్టగలను, అంతే. అది నలుపు రంగు డబ్బా కాబట్టి.

బండి 1995 నాటిది. ఏపీ 16తో మొదలయ్యే నంబరు, కార్బురేటరు ఇంజను, కంప్యూటర్ లాంటిదేమీ లేదు. నీటిపారుదల శాఖలో ఓవర్సీరుగా రిటైరయినప్పుడు చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి నాన్న కొన్నారు. ముందు సీటు ఎదుటి అరలో ఒక పొడుగాటి నోటుబుక్కు ఉండేది. ఏ రోజు ఎన్ని లీటర్ల పెట్రోలు, ఎన్ని కిలోమీటర్లు, ఏ రిపేరుకు ఎంత, అన్నీ అందులో రాసేవారు. చివరి ఏడెనిమిదేళ్ళు చీకటి పడ్డాక బండి తీయడం మానేశారు. 2019లో ఆయన పోయాక బండి నాకు వచ్చింది, నోటుబుక్కుతో సహా. వారానికి రెండుసార్లు తీస్తాను: గురువారం రైతుబజారుకు, ఆదివారం గుణదలలో మా అక్క ఇంటికి. రాసే అలవాటు నేనూ కొనసాగించాను. అందుకే రెండున్నరేళ్ళలో రెండు బ్యాటరీలు కొన్నానని రుజువుతో సహా చెప్పగలను.

బ్యాటరీ దుకాణంలో రెండుసార్లూ ఒకే మాట: "సెల్లు పోయిందండీ, మార్చాల్సిందే." బెజవాడ ఎండకు బ్యాటరీలు తొందరగా పోతాయన్నది నిజమే కాబట్టి నమ్మాను. మూడోసారి వెళితే బానెట్ ఎత్తకముందే బిల్లుపుస్తకం తెరిచారు. వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఏలూరు రోడ్డులో మూడు వందల లోపు పెట్టి, వోల్టులు, ఆంపియర్లు, ఓములు మూడూ కొలిచే ఒక డిజిటల్ మల్టీమీటరు కొన్నాను. పసుపు రంగుది, అరచేతిలో పడుతుంది. రాత్రి కూర్చుని టార్చిలైటు ఎంత కరెంటు తీసుకుంటుందో కొలిచి సంబరపడ్డాను. మర్నాడు పొద్దున్నే కారు దగ్గరికి వెళ్ళి, డయలును 20 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర ప్రోబు పాజిటివ్ మీద, నల్ల ప్రోబు నెగెటివ్ మీద ఆనించాను.

ఠప్పుమని మెరుపు. ప్రోబు మొన కరిగి పూసలా గుండ్రంగా అయిపోయింది. టెర్మినల్ మీద మొటిమలాంటి మచ్చ పడింది. జరిగిందేమిటంటే, రాత్రి టార్చిలైటు కోసం ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో గుచ్చాను, అక్కడే వదిలేశాను. డయలు ఎక్కడ ఉన్నా ఆ రంధ్రం వెనక ఉండేది వంచిన లావాటి తీగ ముక్క ఒక్కటే. ఆ రంధ్రం పక్కనే ఫ్యూజు లేదని ఇంగ్లీషులో అచ్చు వేసి మరీ ఉంది. అమ్మీటరు నిరోధం దాదాపు సున్నా ఉండాలి, వోల్ట్‌మీటరు నిరోధం చాలా ఎక్కువ ఉండాలి, ఎందుకు? ఏటా నేను అడిగిన ప్రశ్నే. తీగలు, మీటరు, బ్యాటరీ లోపలి నిరోధం అన్నీ కలిపి 0.1 ఓమ్ అనుకుంటే 12.6ను దానితో భాగిస్తే 126 ఆంపియర్లు. ఈ లెక్క వేయడానికి ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం అక్కరలేదు. వేలు కాలితే చాలు.

మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. మా పటమటకు అది కూతవేటు దూరం. లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో, "సెల్ఫ్, డైనమో, వైరింగు పనులు చేయబడును" అన్న బోర్డు కింద ఒక మేస్త్రి గారు కూర్చుంటారు. నాన్నకు తెలిసినవారు. అరవై దాటిన మనిషి. నాన్న పోయాక ఆయన దగ్గరికి వెళ్ళనే లేదు, ఎందుకో మరి. ఇంటి దగ్గర దుకాణాలుండగా ఆ లారీల మధ్యకు ఎందుకులే అనుకున్నానేమో.

కరిగిన ప్రోబు చూపించి, "నాకు పని నేర్పుతారా మేస్త్రి గారూ?" అని అడిగాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఓవర్సీరు గారి అమ్మాయి కదూ? మీరు కాలేజీలో కరెంటు పాఠాలు చెప్పేవారని నాన్నగారు అనేవారు."

"చెప్పేదాన్ని. అందుకే ఇలా అయింది."

ఆయన నవ్వి, గోడకు తగిలించి ఉన్న ఒక వస్తువు తీసి నా చేతిలో పెట్టారు. ఇండికేటరు బల్బు ఒకటి, దానికి రెండు తీగలు. ఒక తీగ చివర మొసలి క్లిప్పు, రెండో దాని చివర సూదిగా అరగదీసిన సైకిలు పుల్ల. "ఇది టెస్టింగ్ బల్బు. ముందు దీనితో మొదలుపెట్టండి. మీటరు తర్వాత."

నాకు కొంచెం చిన్నతనంగా అనిపించిన మాట నిజం. దశాంశ స్థానాలు చూపే పరికరం చేతిలో ఉండగా సైకిలు పుల్లతో పనేమిటి? ఆయన వాదించలేదు. నా బండి ఎడమవైపు బ్రేకు లైటు చాలాకాలంగా వెలగడం లేదు. బల్బు మార్చి చూశాను, లాభం లేకపోయింది. "అక్కడ మీ మీటరు పెట్టి చూడండి," అన్నారు. షెడ్డు కుర్రాడు బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. ఖాళీ హోల్డరులో కొలిస్తే 12.3. కరెంటు వస్తోందన్నమాట. "ఇప్పుడు బల్బు పెట్టండి." టెస్టింగ్ బల్బు పెట్టాను. మినుకు కూడా లేదు. మళ్ళీ మీటరు పెట్టాను: 12.3. మళ్ళీ బల్బు: చీకటి.

ఒక నిమిషం అలాగే నిలబడిపోయాను. తర్వాత అర్థమైంది, అర్థమయ్యాక సిగ్గేసింది. మీటరు లోపలి నిరోధం మెగా ఓముల్లో ఉంటుంది. అది లాగే కరెంటు మైక్రో ఆంపియర్లలో. దారిలో తీగ మొత్తం పుచ్చిపోయి వెంట్రుకంత పోగు ఒక్కటి మిగిలినా, ఆ కాస్త కరెంటుకు అది చాలు, మీటరు పన్నెండు చూపిస్తుంది. బ్రేకు బల్బుకు 21 వాట్లు, అంటే దాదాపు పావు తక్కువ రెండు ఆంపియర్లు కావాలి. అంత లాగబోతే వోల్టేజీ అంతా ఆ పుచ్చిన చోటే ఖర్చయిపోతుంది. టెస్టింగ్ బల్బు తనూ కాస్త లాగుతుంది కాబట్టి గుట్టు బయటపెట్టింది. మేస్త్రి గారు వెనక దీపం దగ్గరి కనెక్టరు ఊడదీస్తే లోపల ఆకుపచ్చటి చిలుము. రాగిపోగులు ముట్టుకుంటే పొడిపొడిగా రాలాయి.

"తీగను ఊరికే అడిగితే ఉన్నానంటుందమ్మా," అన్నారు ఆయన చిలుము గీకుతూ. "మోత ఎత్తించి అడగాలి."

విద్యుచ్చాలక బలానికీ పొటెన్షియల్ తేడాకూ భేదం ఏమిటన్న ప్రశ్నకు వేల జవాబు పత్రాలు దిద్దాను. తెరిచిన వలయంలో, మూసిన వలయంలో అంటూ పిల్లలు వల్లె వేసి రాసేవారు. ఒక్కరూ ఇంత బాగా రాయలేదు. నేనూ చెప్పలేదు, అది వేరే సంగతి.

ఆ తర్వాత వారాల్లో మంగళవారాలు ఆయన దగ్గరికి, మిగతా రోజులు ఇంటి ముందు వేపచెట్టు కింద నా ప్రయోగాలు. మొదటి రోజే ఒక ఇబ్బంది వచ్చింది. స్పానరు నా చేతికిస్తూ ఆయన నా చేతివంక చూసి తటపటాయించారు. పసుపు కుంకుమలతో ఉన్న ఆడమనిషిని గాజులు తీసెయ్యమని ఎవరు మాత్రం ఎలా అంటారు? "చేతికి గుడ్డ చుట్టుకుంటే మంచిదేమోనమ్మా," అన్నారు. నాకు విషయం తెలుసు. కారు ఇనుప బాడీ అంతా బ్యాటరీ నెగెటివ్‌కు కలిపే ఉంటుంది. పాజిటివ్‌కూ బాడీకీ మధ్య బంగారు గాజు పడితే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది, చేతినుంచి ఊడిరాదు. రెండు గాజులూ తీసి నోటుబుక్కు ఉండే అరలో పెట్టాను. అప్పటినుంచి బానెట్ ఎత్తేముందు మొదటి పని అదే. ఇంకొకటి: విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. నెగెటివ్ తీసేసి ఉంటే స్పానరు జారి బాడీకి తగిలినా నిప్పు రాదు.

బ్యాటరీ అంకెలు నేర్చుకోవడం తేలిక. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక 12.6 దాటితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కు దిగితే అడుగంటినట్టు. ఆపిన వెంటనే కొలిస్తే 13 కూడా చూపిస్తుంది. అది పైపై చార్జి, నమ్మకూడదు. ఆగే ఓపిక లేకపోతే రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆర్పి, కాసేపాగి కొలవాలి. సెల్ఫ్, అంటే ఇంజనును మొదట తిప్పి లేపే మోటారు, తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 1859లో గాస్టన్ ప్లాంటే సీసపు పలకలతో చేసిన బ్యాటరీ రసాయనమే నేటికీ మన బానెట్ల కింద ఉంది, ఒక్కో సెల్లుకు రెండు వోల్టుల పైచిలుకు, ఆరు సెల్లులు. ఇది మాత్రం నాకు ముందే తెలుసు.

నా బండి సంగతికి వస్తే, చార్జి చేసిన బ్యాటరీ 12.6 చూపిస్తోంది. తాళం తిప్పితే 10.9కి దిగుతోంది. బాగానే ఉన్నట్టు. అయినా సెల్ఫ్ మాత్రం జ్వరం వచ్చినట్టు నెమ్మదిగా తిరుగుతోంది. మేస్త్రి గారు మీటరు లేని పరీక్ష ఒకటి చేశారు. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టమన్నారు. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీదో టెర్మినళ్ళదో తప్పు. లైట్లు అలాగే వెలుగుతూ సెల్ఫ్ మూలిగితే బ్యాటరీని అనకూడదు, సెల్ఫ్‌కు కరెంటు చేరే దారినీ తిరిగి వచ్చే దారినీ వెతకాలి. నా లైట్లు పెద్దగా మసకబారలేదు.

"యాక్సిలరేటరు కేబులు వేడెక్కుతోందా?" అన్నారు ఉన్నట్టుండి.

సెల్ఫ్‌కూ యాక్సిలరేటరు కేబులుకూ సంబంధమేమిటి? నోటుబుక్కు తీశాను. యాక్సిలరేటరు కేబులు మార్చినట్టు నాన్న రాతలో ఒకసారి, నా రాతలో ఒకసారి ఉంది. ఆయన తల ఊపారు. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. అందుకే ఇంజనును నెగెటివ్ వైపుకు కలపడానికి విడిగా ఎర్తు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ పాడైతే సెల్ఫ్ లాగిన కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళడానికి ఏ ఇనుప తీగ దొరికితే దాన్ని పట్టుకుంటుంది. కేబుళ్ళు కాలేది అందుకే.

నేను వెంటనే మీటరును ఓముల్లో పెట్టి ఎర్తు పట్టీ రెండు చివర్లా ఆనించాను. 0.4 చూపించింది. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించినా అదే 0.4. అంటే పట్టీ నిరోధం సున్నా, పట్టీ బాగుంది అన్నాను. ఆయన ఏమీ అనకుండా నల్ల ప్రోబు బ్యాటరీ నెగెటివ్ ముక్కు మీద, ఎర్ర ప్రోబు ఇంజను ఇనుము మీద పట్టుకుని, డయలు వోల్టులకు తిప్పి, ఇంజను లేవకుండా కాయిల్ వైరు పీకి, కుర్రాణ్ణి సెల్ఫ్ కొట్టమన్నారు. మీటరులో 1.8.

పాజిటివ్‌కూ నెగెటివ్‌కూ మధ్య కాదు ఈ కొలత. రెండూ నెగెటివ్ వైపు చోట్లే. వాటి మధ్య దాదాపు ఏమీ ఉండకూడదు. 0.2 ఉంటే పోనిమ్మనవచ్చు. సెల్ఫ్ వంద ఆంపియర్ల దరిదాపుల్లో లాగుతుంది. 1.8ని వందతో భాగిస్తే 0.018 ఓమ్. నా మూడు వందల మీటరు ఆ నిరోధాన్ని ఏడేడు జన్మలకూ కొలవలేదు, దాని సొంత తీగల నిరోధమే అంతకు ఇరవై రెట్లు. వంద ఆంపియర్లు పారించినప్పుడు మాత్రం ఆ కాస్త నిరోధమే దాదాపు రెండు వోల్టులు మింగేసి కూర్చుంది.

పట్టీ విప్పితే బోల్టు కింద తుప్పు, ఆయిలు మురికి అట్ట కట్టి ఉన్నాయి. ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్దాను, బిగించి పైన వేజలీన్ పూశాను. మళ్ళీ కొలిస్తే 0.15. సెల్ఫ్ కొడితే కొత్త బండిలా గిర్రున తిరిగింది. ప్రాక్టికల్ రికార్డులో ప్రతి ప్రయోగం చివరా "జాగ్రత్తలు" అని ఉంటుంది. మొదటి రెండూ ఎప్పుడూ ఇవే: తీగల చివరలను గరుకు కాగితంతో రుద్దవలెను, కనెక్షన్లు బిగుతుగా ఉండవలెను. రాయని పిల్లలకు అర మార్కు కోసేదాన్ని.

సెల్ఫ్ బాగుపడింది గానీ బ్యాటరీ దిగిపోవడం ఆగలేదు. ఆదివారం నిండుగా ఉన్నది గురువారానికి 11.9. బండి నిలబడి ఉండగా ఎవరో తాగేస్తున్నారు. దీని పరీక్షకు మీటరును అమ్మీటరుగా వాడాలి, అంటే నా శత్రువు 10 ఆంపియర్ల రంధ్రంలోనే గుచ్చాలి. నెగెటివ్ కేబులు విప్పి, కేబులుకూ బ్యాటరీ ముక్కుకూ మధ్య మీటరు పెట్టాలి. ఆ స్థితిలో పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, కొడితే ఈసారి మొన ఒక్కటే కరగదు. తాళంచెవి తీసి చీర కొంగున ముడేసుకుని పని మొదలుపెట్టాను.

మీటరు 0.36 చూపించింది. ఈ కాలపు బండ్లలో కూడా 0.05 దాటితే ఎక్కువంటారు. నా బండిలో నిలబడి ఉండగా కరెంటు కావలసింది పాటల డబ్బాకు ఒక్కదానికే, అదీ పెట్టుకున్న స్టేషన్లు గుర్తుంచుకోవడానికి పిసరంత. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూద్దామని తలుపు తీసి డ్యాష్‌బోర్డు కిందికి వంగాను. పక్కింటి కుర్రాడు మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు, ఒక్కసారి అరిచాడు: "ఆంటీ, ఒకటి దాటింది!" దొరికిందనుకున్నాను. ఇద్దరం కాసేపు గంతులేశాం. తలుపు తీస్తే లోపలి దీపం వెలుగుతుందన్న సంగతి నాకు పది నిమిషాల తర్వాత గాని తట్టలేదు. తలుపు స్విచ్చును టేపుతో అదిమి మళ్ళీ మొదలుపెట్టాం.

ఒక్కో ఫ్యూజూ పీకాను. పాటల డబ్బాది పీకితే 0.35 అయింది. మిగతావి పీకినా అంకె కదలలేదు. అన్నీ పీకేశాక కూడా 0.35 అలాగే ఉంది. 35 ఆంపియర్ గంటల బ్యాటరీని 0.35తో భాగిస్తే సరిగ్గా వంద గంటలు, నాలుగు రోజుల పైన నాలుగు గంటలు. ఆదివారం సాయంత్రం నుంచి గురువారం పొద్దుటి దాకా ఎన్ని గంటలో మీరే లెక్క వేసుకోండి. పైగా కారు బ్యాటరీ ఇలా అడుగంటా దిగడానికి చేసినది కాదు. వారానికోసారి దిగితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి చస్తుంది. నా రెండు బ్యాటరీల మరణానికి కారణం దొరికింది, హంతకుడు దొరకలేదు.

మంగళవారం చెబితే మేస్త్రి గారు అడిగిన మొదటి ప్రశ్న: "పొద్దున్నే, బండి తీయకముందు, డైనమో మీద చెయ్యి వేసి చూశారా?"

మర్నాడు ఆరింటికి వెళ్ళి చూశాను. ఇంజను చల్లగా ఉంది, రేడియేటరు చల్లగా ఉంది. డైనమో పసిపిల్ల నుదురులా నులివెచ్చగా ఉంది. రాత్రంతా కదలని యంత్రం ఎందుకు వెచ్చగా ఉంటుంది? దాని లావాటి తీగ చిన్న ఫ్యూజుల దారిలో రాదు, అందుకే ఎన్ని పీకినా అంకె కదలలేదు. ఆ తీగ విప్పి చివర టేపు చుట్టి మళ్ళీ కొలిస్తే 0.01.

అందరూ డైనమో అంటారు గానీ అది ఆల్టర్నేటరు. లోపల పుట్టేది ఏకాంతర విద్యుత్తు, దాన్ని డయోడ్లు ఒకే దిక్కుకు తిప్పి బ్యాటరీకి పంపుతాయి. ఏకధిక్కరణి! నేను రంగు సుద్దముక్కలతో గీసిన బొమ్మ. ఒక డయోడు లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి కారిపోతుంది. మేస్త్రి గారు ఆల్టర్నేటరు విప్పి డయోడ్ ప్లేటు నా ముందు పెట్టి, "చూడండి" అన్నారు. మీటరును డయోడు గుర్తు మీద పెట్టి అటు ఒకసారి, ఇటు ఒకసారి ఆనించాను. మంచివి ఒకవైపు ఐదారు వందల అంకె చూపించి, రెండోవైపు దారి లేదన్నాయి. ఒకటి మాత్రం రెండువైపులా ఏదో ఒక అంకె చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళలో చెడిపోయిన డయోడును చూడటం అదే మొదటిసారి. మా లాబొరేటరీలో అవి చెక్కపెట్టెల్లో, గాజు మూతల కింద, ఎప్పుడూ బాగానే ఉండేవి.

ఒక తప్పు నాది కూడా ఉంది. ఇంజను నడుస్తుండగా మొదటివారమే కొలిచి 13.4 అని రాసుకున్నాను, 12.6 కంటే ఎక్కువే కదా అని టిక్కు పెట్టుకున్నాను. ప్లేటు మార్చాక 14.2 వచ్చింది. ఆ తేడా మొదటే పట్టుకుని ఉంటే మూడు మంగళవారాలు మిగిలేవి. మిగిల్చి ఏం చేసేదాన్నో తెలియదు గానీ.

బండి ఇప్పుడు పదిరోజులు నిలబెట్టినా తాళం తిప్పగానే లేస్తుంది. పాలబ్బాయి కొంచెం నిరాశపడ్డాడు.

అక్కడితో ఆపేయవచ్చు. కానీ చేతిలో మీటరు ఉన్న మనిషి ఊరుకోలేదు. కనబడిన ప్రతి దీపాన్నీ, ప్రతి కనెక్టరునూ మోత ఎత్తించి అడగడం మొదలుపెట్టాను. హారను బాగుంది. వైపరు మోటారు ఎర్తు రుద్దాను. తర్వాత హెడ్‌లైట్లు. ఇంజను నడుస్తుండగా, లైట్లు వెలుగుతుండగా, బ్యాటరీ దగ్గర 13.6. కుడి బల్బు హోల్డరు వెనకనుంచి ప్రోబులు గుచ్చి చూస్తే 11.0. బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బు దాకా వచ్చే దారిలో 1.9 పోతోంది. బల్బు ఎర్తునుంచి బ్యాటరీ నెగెటివ్ దాకా 0.7. కూడితే 2.6, సరిగ్గా సరిపోయింది. కిర్చాఫ్ రెండో నియమం మా వేపచెట్టు కింద రుజువైంది.

మేస్త్రి గారికి ఆశ్చర్యం కలగలేదు. "ఈ బండ్లలో లైట్ల కరెంటంతా స్టీరింగు పక్క స్విచ్చులోంచే పోతుందమ్మా. పాతబడిన కొద్దీ స్విచ్చులో పాయింట్లు నల్లబడతాయి. రిలేలు పెట్టేద్దాం." రెండు రిలేలు (కొద్దిపాటి కరెంటుతో లేచి పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), ఒక ఫ్యూజు, లావాటి తీగ. ఇప్పుడు స్విచ్చు రిలేను లేపుతుంది అంతే, బల్బుకు కరెంటు బ్యాటరీనుంచి దగ్గరి దారిలో వస్తుంది. దీపాల ఎర్తు నేనే రుద్దాను. బల్బు దగ్గర 13.2 వచ్చింది.

11కూ 13.2కూ తేడా కాగితం మీద చిన్నదే. కానీ ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారు 3.4వ ఘాతంతో పడిపోతుంది. 13.6 దగ్గర ఉండాల్సిన వెలుగులో 11 దగ్గర మిగిలేది సగం కూడా కాదు. రంగు కూడా తెలుపు పోయి నారింజ దిగుతుంది. ఆ రాత్రి ఎనిమిదింటికి అక్క ఇంటికి వెళ్ళి వచ్చాను. రోడ్డు అంచున తెల్ల గీత, గుంతలు, అడ్డం వచ్చిన కుక్క, అన్నీ కనిపించాయి. నాకూ అరవై దాటాయి, కళ్ళజోడు ఉంది.

ఇంటికి వచ్చి అంకెలు రాద్దామని నోటుబుక్కు తీసి, హెడ్‌లైట్ల గురించి ముందెప్పుడైనా ఏమైనా రాసి ఉందా అని వెనక్కి తిప్పాను. 2012 మార్చిలో నాన్న రాత. అక్షరాలు అప్పటికే వణుకుతున్నాయి. "గన్నవరం నుంచి వస్తుంటే చీకటి పడింది. రోడ్డు ఆనలేదు. కళ్ళు బొత్తిగా పోయినట్టున్నాయి. ఇక రాత్రిళ్ళు బండి తీయను." దాని కింద పెట్రోలు 12 లీటర్లు.

అంతకు ముందు ఏడే ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ చేయించాం. పేపరు చదివేవారు, మేడమీదనుంచి బస్సు నంబరు చెప్పేవారు. రాత్రిళ్ళు మాత్రం బండిలో ఏమీ కనపడదు అనేవారు. మేం మళ్ళీ కళ్ళ డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాం.